అమ్మ మెడలో సవతమ్మ

నిరుడు శ్రావణమాసానికి ముందు మా అమ్మ తాళిబొట్టు సరుడు ఒకచోట అరిగి దారమంత సన్నబడింది. అమ్మా నాయనా పులివెందులలో మా తమ్ముడి దగ్గర ఉంటారు. వాడికి తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం, షిఫ్టులు సరిపెట్టుకోవడానికే టైము చాలదు. నేనుండేది ప్రొద్దుటూరులో. బంగారం పని ఏదున్నా చుట్టుపక్కల వాళ్లంతా ప్రొద్దుటూరుకే వస్తారు కాబట్టి మా ఇంట్లో అది నా శాఖ. ఒక ఆదివారం నేను పులివెందులకు పోతే, అమ్మ పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేసుకుని, ఆ తర్వాతే సరుడు తీసి తెల్లగుడ్డలో మూటకట్టి నా చేతికిచ్చింది.

"రెండు బొట్లు, నాలుగు గుండ్లు, రెండు పగడాలు, అమ్మవారి బిళ్ల. చూసుకోని తీసుకపో. మల్ల నా మీదికి రావద్దు" అంది.

అమ్మవారి బిళ్ల అంటే చిటికెనవేలి గోరంత బంగారు రేకు. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ. ముక్కూ కళ్లూ ఎప్పుడో అరిగిపోయాయి, చీర కుచ్చెళ్లు మాత్రం తెలుస్తాయి. కొత్త చీర ఏది కొన్నా అమ్మ ముందుగా దాని కొంగు ఆ బిళ్లకు తాకించి, బిళ్లకు పసుపూ కుంకుమా పెట్టి, దండం పెట్టుకుని గానీ కట్టుకోదు. మాకు జ్వరమొచ్చినా, తమ్ముడు పదో తరగతి పరీక్షలు రాస్తున్నా ఆ బిళ్లకే మొక్కుకునేది. మా ఇద్దరికీ వచ్చిన టైఫాయిడ్లూ తట్టులూ అన్నీ మందులతో కాదు, ఆ బిళ్లతోనే తగ్గాయని ఆమె నమ్మకం. ఇంట్లో పోస్టుకార్డు వస్తే అందరికంటే ముందు చదివేదాన్ని, మా జేజి, అంటే మా నాయనమ్మ, ట్రంకుపెట్టె తాళం చెవి ఎక్కడుంటుందో జేజికంటే నాకే బాగా తెలుసు, అట్లాంటి నేను ఏ అమ్మవారని ఒక్కసారి కూడా అడగలేదు. పుట్టినప్పటి నుంచి కళ్లముందున్నదాని గురించి ఎవరూ అడగరు.

బంగారు అంగళ్ల వెనక సందులో మాకు వాడుకగా చేసే కంసాలి పెద్దాయన ఉన్నాడు. మూట విప్పి, సరుడు ఒక పక్క పెట్టి, బొట్లూ గుండ్లూ ఒక పక్క పెట్టి, బిళ్లను మాత్రం రెండు వేళ్లతో తీసి వేరే కాగితం మీద పెట్టాడు.

"ఈ సవతమ్మకు నేను నిప్పు తగలనియ్యనుమా. కొత్త సరుట్లోకి ఇట్లే ఎక్కించి ఇస్తా. మీ యమ్మకు చెప్పు, పసుపునీళ్లు చల్లి వేసుకోమని."

"సవతమ్మ ఏంది? అది అమ్మవారు గదా?" అన్నాను.

ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు. "మీ నాయనకు రెండో పెండ్లి కదా? ముందామె పోయింటాది. రెండో ఆమె మెడలో ముందామెను ఇట్ల కట్టుకుంటారు. కొత్త కోక ముందు ఆమెకు చూపియ్యల్ల. ఏ పండగొచ్చినా ముందు ఆమెకు పెట్టల్ల. లేకుంటే ఆమె మనసు కష్టపెట్టుకుంటాది." బస్సు టైములు చెప్పినంత మామూలుగా చెప్పి, "నీకు తెలీదా?" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

తెలీదు. యాభై ఏళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, జమ్మలమడుగు హైస్కూల్లో పాతికేళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని. మా నాయనకు అంతకుముందు ఒక పెళ్లి అయిందని కంసాలి నోట విన్నాను. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, మా ఇంటి మీద.

తర్వాతి ఆదివారం కొత్త సరుడు తీసుకుని పులివెందులకు పోయి, అమ్మ మెడలో వేసుకున్నాక అడిగాను. అమ్మ ఏమాత్రం తడబడలేదు.

"అవును. జమ్మలమడుగు పక్కన పల్లెటూరామె. పెండ్లయిన ఏడాది లోపలే జ్వరమొచ్చి పోయిందంట. నేను చూసిందా పెట్టిందా."

"మాకెందుకు చెప్పలేదుమా?"

"చిన్నపిల్లోళ్లకు చచ్చినోళ్ల కతలు ఎందుకు చెప్తారు."

"నాకు యాభై ఏండ్లు."

"అడిగింటే చెప్పింటి" అంది అమ్మ. ఆమె వైపు నుంచి చూస్తే అది న్యాయమే. "నువ్వూ నీ తమ్ముడూ నిక్షేపంగా పెరిగినారంటే అక్క చల్లగా చూడబట్టే. సవతి పిల్లోళ్లని ఒక్కనాడు కూడా అనుకోలేదు పాపం." ఎప్పుడూ చూడని ఆ మనిషిని అమ్మ అక్క అంటుందని నాకు ఆరోజే తెలిసింది. వరండాలో పేపరు చదువుతున్న నాయన పేపరు మడిచిపెట్టి, చెప్పులేసుకుని, ఎక్కడికో చెప్పకుండా బయటికి పోయాడు. ఆయన చెప్పిపోయే రకం కాదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. మా స్టాఫ్‌రూములో ఒక సైన్సు టీచరు అంటూ ఉంటుంది, ఇంటి రహస్యాలు తెలుసుకుంటే మనుషులు ఇంకా దగ్గరవుతారని. ఆమెకు వాళ్ల ఇంట్లో ఏ రహస్యమూ లేదు, అందుకే అట్లా అనగలదు. కానీ ఆ మాట నాకు అప్పుడు అనువుగా కనపడింది. నేను రోజూ బస్సెక్కి పోయేది జమ్మలమడుగుకే. ఆ ఊరి పక్క పల్లెలో పుట్టి, మా ఇంట్లో కొన్ని నెలలు కాపురం చేసి, పేరు కూడా మిగలకుండా పోయిన ఒక ఆడపిల్ల. కనీసం పేరైనా తెలుసుకోవడం మా బాధ్యత కదా అనుకున్నాను. బాధ్యత అనే మాట నేనే తగిలించాను. అసలు సంగతి ఏమంటే నాకు తెలుసుకోవాలని ఉంది, అంతే.

మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆమెది అదే పల్లె. ఒకరోజు పిల్లలు తినిపోయాక అడిగాను, ఎప్పుడో యాభై ఏళ్ల కిందట పులివెందుల వైపు ఇచ్చిన ఆడపిల్ల ఎవరైనా జ్వరమొచ్చి పోయిందా అని. ఆమె గంటె పట్టుకుని కాసేపు ఆలోచించింది.

"జ్వరమొచ్చి పోయినోళ్లు యెవురూ లేరే మేడం. పులివెందులకిస్తే తిరిగొచ్చేసినామె ఒకామె ఉండాది. ఇప్పుడు జమ్మలమడుగులోనే, పిండి మిషను వాళ్లది. మొన్న శుక్రవారం గూడా నేను ఆడనే బియ్యప్పిండి పట్టించుకోనొస్తి."

ఆమెను ఇచ్చిన ఇంటిపేరు అడిగితే మా నాయనదే చెప్పింది. ఏ ఊరికిచ్చారని అడిగితే మా నాయన పుట్టిన ఊరు చెప్పింది. ఇంకా ఏ అనుమానమూ మిగల్లేదు.

ఆరోజు సాయంత్రం బస్సులో కూర్చుని ఆలోచించాను. మా అమ్మ యాభై రెండేళ్లుగా, బతికున్న మనిషిని చచ్చిపోయిందనుకుని మెడలో కట్టుకుని పూజ చేస్తోంది. మా ప్రాంతంలో ఇంతకంటే అపచారం లేదు. ఉన్న మనిషికి పోయినవాళ్లకు చేసేది చేస్తే ఆ మనిషికి కీడు. ఇది అమ్మకు తెలియదు. నాయనకు తెలిసే ఉండాలి. చెబితే అమ్మకు ఏం మిగులుతుంది? మొగుడు అబద్ధం చెప్పాడని తెలుస్తుంది, అది ఒకటి. పిల్లల్ని కాపాడిందని నమ్ముకున్న అక్క అనే మనిషే లేదని తెలుస్తుంది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషికి ఆ నమ్మకం తీసేసి ఏమిస్తాను నేను? చెప్పకూడదని తీర్మానించుకున్నాను. ప్రొద్దుటూరు చేరేలోపల ఇంకొక తీర్మానం కూడా చేసుకున్నాను, ఆమెను ఒక్కసారి చూసి వస్తానని. చూస్తే పోయేదేముంది అనుకున్నాను.

ఊరికే పోయి ఎట్లా చూస్తాం. పిండి మిషనుకు పోవాలంటే పట్టించడానికి ఏదో ఒకటి కావాలి. రెండు శేర్ల జొన్నలు డబ్బాలో పోసుకుని స్కూలుకు తీసుకుపోయి, సాయంత్రం గంట కొట్టగానే పాత బస్టాండు వెనక ఉన్న మిషను దగ్గరికి పోయాను. కొడుకు మిషను తోలుతున్నాడు. ఆమె వాకిట్లో స్టూలు మీద కూర్చుని డబ్బాలు వరుసలో పెట్టిస్తోంది. కనుబొమ్మల మీద పిండి, చెవులకు పాతకాలం కమ్మలు, మిషను చప్పుడుకు అలవాటుపడిన గట్టి గొంతు. నా డబ్బా మూత తీసి, పిడికెడు జొన్నలు అరచేతిలో వేసుకుని నలిపింది.

"తేమ ఉండాయి టీచరమ్మా. ఇట్ల పడితే రాయికి అతుక్కుంటాది. ఒక దినం ఎండబెట్టుకోని రా" అని నన్ను వెనక్కి పంపించింది.

ఎండబెట్టుకుని రెండోసారి పోయాను. ఆరోజు జనం ఎక్కువ, మాట కలిపే వీలే దొరకలేదు. పిండి మాత్రం బాగా వచ్చింది. మూడోసారికి ఇంకో రెండు శేర్లు కొన్నాను. ఇంట్లో రెండు పూటలా జొన్నరొట్టెలే. మా ఆయన నాలుగు రోజులు చూసి, "షుగరేమన్నా వచ్చిందా నీకు? నాకు చెప్పకుండా దాచిపెడుతున్నావా?" అని అడిగాడు. లేదని చెప్పాను గానీ జొన్నలు ఎందుకో చెప్పలేదు. అమ్మకు తెలియని సంగతి మా ఆయనకు ముందు చెప్పడం బాగుండదని అనిపించింది. ఇంట్లో రహస్యాలు దాస్తారని కోపం తెచ్చుకున్న మనిషిని, నెల తిరగకుండానే నేనూ ఒకటి దాచుకున్నాను.

మూడోసారి పోయినప్పుడు కరెంటు పోయింది. మిషను ఆగితే ఆ సందులో ఒక్కసారిగా నిశ్శబ్దం. కొడుకు టీ తాగి వస్తానని పోయాడు. ఆమె నాకు కూడా ఒక స్టూలు జరిపింది. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకుని చెప్పేశాను, నేను ఫలానా ఊరు, ఫలానా ఆయన కూతుర్ని అని. ఆమె పైటకొంగుతో ముఖం మీద పిండి తుడుచుకుని నన్ను తేరిపార చూసింది.

"ఆయన ఉండాడా?"

"ఉండాడు పెద్దమ్మా."

"ఇప్పుడన్నా మాట్లాడతాండాడా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. "ఐదు నెల్లు ఉంటి మీ ఇంట్లో. ఐదు మాట్లు మాట్లాడలే నాతో. వాళ్లమ్మ కూచోమంటే కూచుంటాడు, లెయ్‌మంటే లేస్తాడు. ఏమన్నా అడిగితే ఊ అంటాడు. ఉగాదికని పుట్టింటికొస్తి, ఇంగ పోనని చెప్తి. మా నాయన కొట్టినాడు, పెద్దమనుషులు వచ్చినారు, యెవురెన్ని చెప్పినా నేను పోలా. పెద్దమనుషులే కూచోని తెంచేసినారు. రెండేండ్లకు ఈయనకిచ్చినారు. మంచాయన, శానా మాట్లాడేవాడు. పోయి ఆరేండ్లాయ." గోడ మీద ఫోటో చూపించింది. మిషను తోలే కొడుకు కాకుండా ఒక కూతురు కూడా ఉందనీ, వీరపునాయునిపల్లెలో ఇచ్చారనీ చెప్పింది. మాట మాటకూ నవ్వుతోంది. మా నాయన ఊ అనడం నాకు యాభై ఏళ్లుగా తెలుసు. ఆ ఊ భరించలేక లేచి వచ్చేసిన మనిషి ఒకామె ఉందని తెలిసి నాకు ఆమె మీద గౌరవం పుట్టింది. చుట్టం దొరికినంత సంతోషంగా ఉంది నాకు. ఆ సంతోషంలోనే నోరు జారాను.

"మా యమ్మ నిన్ను మెడలో కట్టుకోనుంది పెద్దమ్మా. సవతమ్మ బిళ్ల చేయించుకోని. కొత్త చీర కొంటే ముందు నీకే."

ఆమె నవ్వు ఆగిపోయింది. "సవతమ్మనా? నన్నా?"

నాకు అప్పటికీ అర్థం కాలేదు. మా ఇంట్లో ఆమె పోయిందని చెప్పుకున్నారనీ, అమ్మకు నిజం తెలియదనీ, అమ్మకు ఆమె అంటే ఎంత భక్తో వివరించడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎన్నేండ్లనుంచి?"

"యాభై రెండు."

ఆమె గోడ మీది ఫోటో వైపు తిరిగి చెప్పింది. ఇప్పుడున్న ఇద్దరి కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందట. తొమ్మిదో ఏట జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయిందట. ప్రొద్దుటూరు పెద్దాసుపత్రిలో కూడా చూపించారు. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

"ఎవురికి ఏం పాపం చేస్తినని అడిగినా నేను దేవున్ని. ఇదా."

జ్వరం వేరు, ఇది వేరు అని నేను అన్నాను. ఆ రోజుల్లో మందులు లేవు, పరీక్షలు లేవు అని ఏవేవో చెప్పాను. క్లాసులో అర్థం కాని పిల్లకు రెండోసారి చెప్పినట్టు చెప్పాను. ఆమె వినలేదు.

"సదువుకున్నదానివి, నీకు తెలీదులే. బతికున్నదానికి పసుపుకుంకుమ పెట్టి సావుదండం పెడితే యాడికి పోతాదమ్మా అది? యాడికో ఒకచోటికి పోవల్ల కదా." ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. "ఇంగా ఇద్దరుండారు నాకు. మనవళ్లుండారు. వచ్చే అమావాస్య లోపల దాన్ని మీ యమ్మ మెడలోనుంచి తీపియ్యి. ఆమెను నేనేమీ అనను, ఆమెకు తెలీదు. నీకు తెలుసు. నువ్వే తీపియ్యల్ల."

కరెంటు వచ్చింది. ఆమె లేచి నా జొన్నలు తనే మిషన్లో పోసింది.

ఆ దారంతా నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను. అమ్మకు చెప్పాలా వద్దా అని అన్ని రోజులు తూకం వేసినదాన్ని, ఈమెకు చెప్పాలా వద్దా అని ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఆమె నాకు అప్పటిదాకా ఒక మనిషి కాదు, దొరికిన ఒక సంగతి. చనిపోయిన బిడ్డను ఎప్పుడో మనసులో సర్దుకున్న తల్లికి మళ్లీ ఆ బిడ్డ చావును తెచ్చి ఒళ్లో పెట్టి వచ్చాను. నాకు సిగ్గుగా ఉంది. రాస్తుంటే ఇప్పటికీ ఉంది.

మరుసటి రోజు సెలవు పెట్టి పులివెందులకు పోయాను. నాయన పొద్దున టీకి పోయే అంగడి బయట బెంచీ మీద దొరికాడు. పక్కన కూర్చుని, ఆమెను చూసి వచ్చానని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"బాగుండాదా?" అన్నాడు. నాకు తెలిసి ఆయన తనంతట తాను అడిగిన ప్రశ్నలు చాలా తక్కువ. అందులో అదొకటి.

కథ ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. పెళ్లికూతురు తిరిగిపోయిందంటే ఆ ఇంటికి ఇంకొకరు పిల్లనివ్వరు, ఎందుకు పోయిందని అడుగుతారు. చచ్చిపోయిందంటే ఎవరూ ఏమీ అడగరు. అందుకని మా జేజి, జ్వరమొచ్చి పోయిందని చెప్పి మా అమ్మను మాట్లాడుకొచ్చింది. అంతవరకు బాగానే జరిగింది. పెళ్లికి రెండు రోజుల ముందు మా అమ్మ వాళ్ల నాయన వచ్చి, ముందామె పేరుతో సవతమ్మను చేయించారా, అది లేకుండా నా బిడ్డ మెడలో తాళి కట్టనియ్యను అని కూర్చున్నాడట. లేదు అంటే గుట్టు బయటపడుతుంది. జేజి ప్రొద్దుటూరుకు మనిషిని పంపి బిళ్ల చేయించింది. బతికున్న మనిషికి అట్లా చేయించకూడదని జేజికి తెలుసు, నాయనకూ తెలుసు.

"నువ్వేం చెప్పలేదా?"

"నన్నెవురూ అడగలా."

"తర్వాతన్నా అమ్మకు చెప్పల్ల కదా నాయనా."

"చెప్పల్లనే అనుకుంటి. కుదర్లేదు."

యాభై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి కుదరలేదట. గట్టిగా ఏదో అనబోయాను. ఆయన ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోవడం చూసి మానుకున్నాను. ఇప్పుడైనా నువ్వే చెప్పు అంటే తల అడ్డంగా ఊపాడు. "నాకు చేతకాదుమా. నువ్వు చెప్పు. లేకుంటే ఇడ్సిపెట్టు" అన్నాడు. అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

తేలిక దారి ఒకటి నాకు తట్టకపోలేదు. బిళ్ల బాగా అరిగిపోయింది, ఇట్లాంటిది మెడలో ఉండకూడదు, పెన్నలో వదిలెయ్యాలని కంసాలి చెప్పాడంటే అమ్మ మారు మాట్లాడకుండా తీసిస్తుంది. అమ్మ నమ్మకం అమ్మకు ఉంటుంది, పెద్దమ్మ భయం పెద్దమ్మకు తీరుతుంది. రెండు రోజులు ఆ మాటలే మనసులో అనుకుని చూసుకున్నాను. ఎట్లా అనుకున్నా మా జేజి గొంతే వినపడింది. ఆ ఇంట్లో అందరూ అమ్మ మంచికే అబద్ధం చెప్పారు. అమ్మను మాత్రం ఎవరూ అడగలేదు. నేను కూడా అదే చేస్తే నాకు జేజికి తేడా ఏముంది? ఇదంతా గొప్ప న్యాయబుద్ధితో చేశానని అనను. తెలిసినదాన్ని కడుపులో పెట్టుకోవడం నాకు చేతకాదు, అది కూడా ఉంది.

శనివారం మధ్యాహ్నం మరదలు అంగడికి పోయినప్పుడు అమ్మ చాపమీద కూర్చుని కందిబేడల్లో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అమ్మ వింటూనే రాళ్లు ఏరింది. నేను ఆపేశాక చేట పక్కన పెట్టింది.

"పిల్లోళ్లు ఎంతమంది ఆమెకు?"

"ఇద్దరు. ముందు ఒక పాప పోయింది."

"ఎన్నేండ్లకు?"

"తొమ్మిది. జ్వరమొచ్చి."

"ఏ సంవత్సరం?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అమ్మ మనసులో ఏం నడుస్తోందో నాకు అర్థమైంది. మాకు జ్వరాలొచ్చిన సంవత్సరాలు ఆమెకు ఒక్కొక్కటీ గుర్తు. ఏ జ్వరాన్ని తీసుకుపొమ్మని ఎప్పుడు మొక్కుకుందో కూడా గుర్తు. కనుక్కుని చెప్పనా అని నేను అనలేదు. జీవితంలో మొదటిసారి ఒక సంగతి నాకు తెలియకపోవడమే మేలనిపించింది.

అమ్మ లేచి తమ్ముడి సామాన్ల పెట్టెలోంచి ప్లయరు తెచ్చుకుంది. సరుడు మెడలోనే ఉంచుకుని, అద్దం ముందు నిలబడి, బిళ్ల కొక్కెం వంచి తీసింది. నేను చేస్తానన్నా ఇవ్వలేదు. "ఆమెకే ఇచ్చిరా. ఆమె ఏం చేసుకుంటాదో చేసుకోనీ" అని నా అరచేతిలో పెట్టింది. ఏడవలేదు. ఆ రాత్రి నాయనకు ఎప్పటిలాగే అన్నం పెట్టింది. మజ్జిగ పోస్తూ, "ఒక్క మాట చెప్పింటే సరిపోయుండు కదా" అంది. నాయన ఊ అన్నాడు.

సోమవారం బిళ్ల తీసుకుపోయి మిషను దగ్గర ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. కొంగున ముడేసుకుని, పెన్నలో కలిపేస్తానంది. "మీ యమ్మకు చెప్పు, నాకు ఆమె మీద ఏమీ లేదని. నా ముఖం చూడకుండానే అక్కా అనింది, చాలు" అంది. నన్ను మళ్లీ రమ్మనలేదు. ఇప్పుడు మేము పిండి ప్రొద్దుటూరులోనే పట్టించుకుంటున్నాము.

ఇదంతా సరిగ్గా ముగిసిందనే నేను అనుకున్నాను. అమావాస్య వచ్చింది, పోయింది. కానీ ఆ తర్వాత పులివెందులకు పోయినప్పుడల్లా అమ్మ చిక్కిపోతున్నట్టు కనిపించింది. డాక్టరుకు చూపిస్తే అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. మరదలితో ఏమైనా మాట పట్టింపేమో అనుకున్నాను, అదీ కాదు. పెరట్లో బట్టలు ఆరేసి, ఆరేసిన చోటే కూర్చుని ఉంటోంది. ఒకరోజు పోయి పక్కన కూర్చుని ఏమైందని గట్టిగా అడిగాను.

అమ్మ తీగ మీద బట్టలవైపు చూస్తూనే చెప్పింది.

"మీ జేజి నన్ను ఎన్ని అనేదో నీకు తెలీదు. మీ నాయనతో చెప్తే ఊ అంటాడు. పుట్టింట్లో చెప్తే బాధపడతారు. నీతో చెప్తే కొట్లాడతావు. అందుకే నీళ్లు పోసుకునేటప్పుడు, వంట చేసేటప్పుడు ఆ అక్కతో చెప్పుకుంటాంటి. ఇన్నేండ్లు ఏది ఉన్నా ఆమెకే. కోడలి మీద కోపమొచ్చినా ఆమెకే, నీ మీద వచ్చినా ఆమెకే. చచ్చిపోయినామె కదా, ఇంగొకరికి చెప్పదు." ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మెడ దాకా పోయి కిందికి వచ్చింది. "ఆమె పిల్లోళ్లతో ఆమె యాడనో పిండి పట్టుకుంటా ఉండె. నేను ఎవురితో మాట్లాడితినో నాకే తెలీదు. ఇప్పుడు ఎవురికి చెప్పుకోవల్ల?"

"నాకు చెప్పుమా" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపమేమీ లేదు.

"నీకా?" అంది. "నీకెట్ల చెప్పేదిమా."

పొయ్యి మీద పాలున్నాయని లేచి లోపలికి పోయింది. అది జరిగి ఏడాది అవుతోంది. ప్రతి రెండు వారాలకూ పులివెందులకు పోతాను, బాగున్నావా అంటే బాగుండానంటుంది. ఆమె మనసులో ఏముందో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది. అడిగే ముఖం లేదు.